మేనకోడలికి పింటో గింజల వంట గురించి

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు డాలస్‌లో ఐదు పౌన్ల పింటో బీన్స్ సంచి కొన్నావనీ, పొద్దున్నే స్లో కుక్కర్‌లో, అదే సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో, వేసి ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం వచ్చి తింటే ఇద్దరికీ వాంతులు పట్టుకున్నాయనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మిగిలిన గింజలు పారేస్తానన్నావట, ఆ పని చేయకు. తప్పు గింజలది కాదు, వాటికి తగిలిన సెగది.

పింటో అంటే స్పానిష్ భాషలో రంగులద్దినది అని అర్థం. చూడటానికి మన బొబ్బర్లలాగే ఉంటుంది కాబట్టి అలాగే వండవచ్చుననుకున్నావు. కాని అది రాజ్మా జాతిది, అమెరికా ఖండాల నుంచి లోకమంతా పాకిన పంట. మనకు దగ్గరలోనే పాడేరు, చింతపల్లి కొండల మీద గిరిజన రైతులు పండించే రాజ్మా కూడా ఆ కుటుంబానిదే. ఈ జాతి పచ్చిగింజలో కడుపును తిప్పే పదార్థం ఒకటి ఉంటుంది. ఎర్ర రాజ్మాలో ఉన్నంతగా పింటోలో ఉండదు గాని, చాలీచాలని వేడికి మాత్రం అది నశించదు. అందుచేత రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగి, కొత్తనీళ్ళు పోసి, ముందుగా పెద్ద మంట మీద కనీసం పది నిమిషాలు కుతకుత ఉడకనివ్వాలి. నేనైతే అరగంట ఉడకనిచ్చిన తరువాతే మంట తగ్గిస్తాను. నీకు స్లో కుక్కరే ఇష్టమైతే ఈ పని అయ్యాక అందులో వేసుకో. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఇంకా మంచిది. సగానికి మించి నింపకుండా, నురగ పొంగి వెయిట్‌కు అడ్డుపడకుండా ఒక చెంచా నూనె వేసి, నాలుగు కూతలు వచ్చాక సన్నని సెగ మీద మరో పది నిమిషాలు ఉంచు.

ఉడికిందో లేదో చూడటానికి గడియారం పనికిరాదు. గరిటెతో నాలుగు గింజలు తీసి నోటితో ఊది చూడు. తొక్క ముడతపడి చిట్లితే లోపల మెత్తబడటం మొదలైందన్నమాట. తరువాత ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే, మధ్యలో సుద్దలాగా పలుకు తగలకుండా వెన్నలా అణిగిపోవాలి. అప్పటికి గింజ మీది రంగు చుక్కలన్నీ మాయమై గింజ లేత ఇటుకరంగుకు తిరుగుతుంది. దాన్ని చూసి బెంగపడకు.

అలా అణిగేదాకా చింతపండు, టమాటా, బెల్లం దగ్గరికి రానీయకూడదు. ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్న విషయం. పెళ్ళయిన కొత్తలో కార్తీకమాసం వనభోజనాలకు ముప్ఫైమందికి బొబ్బర్ల పులుసు నా చేతికి అప్పగించారు. అన్నీ ఒకేసారి ఉడికిపోతాయి కదా అని చింతపండు రసం, బెల్లం మొదటే పోసేశాను. పైగా అవి ఉప్పునీళ్ళ బోరు నీళ్ళు. మధ్యాహ్నం రెండు దాటినా విస్తట్లో గింజలు గులకరాళ్ళలా దొర్లుతూనే ఉన్నాయి. పులుపు తగిలితే గింజ బిగుసుకుపోతుంది. సున్నం ఎక్కువున్న నీళ్ళూ అదే పని చేస్తాయి. మీ ఊరి నీళ్ళు అటువంటివైతే చిటికెడు వంటసోడా వేయి, అంతకు మించితే సబ్బువాసన వస్తుంది. ఉప్పు వేస్తే ఉడకదని మా అత్తగారు అనేవారు గాని, నానబెట్టే నీళ్ళలోనే చెంచాడు ఉప్పు వేసి చూశాను, తొక్క ఇంకా మెత్తబడింది. ఆవిడ బతికుండగా ఈ మాట చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇక వంటల సంగతి. ఉత్తరాది మసాలా రాజ్మాను అనుకరించకుండా మన ఆవ పెట్టి వండు. చిన్న చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు గంటసేపు నానబెట్టి చన్నీళ్ళతో కాటుకలా నూరుకో. గ్లాసెడు గింజలు ఉడికించి నీరు వార్చి పక్కన పెట్టుకో. మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో అల్లం, పచ్చిమిర్చి వేసి, చిక్కని చింతపండు గుజ్జు, పసుపు కలిపి పచ్చివాసన పోయేదాకా మగ్గించి, అప్పుడు గింజలు వేసి కలియబెట్టు. దింపి, ఆవిరి తగ్గాకనే ఆవ కలపాలి. పనసపొట్టు కూరకు మనం పాటించే నియమమే ఇది, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. రెండు గంటలు ఊరనిస్తే ఘాటు గింజలోకి దిగుతుంది.

చలిరోజుల్లో పులుసు పెట్టుకో. తీపి గుమ్మడి దొరకకపోతే అక్కడి బటర్‌నట్ స్క్వాష్ సరిగ్గా సరిపోతుంది. ముక్కలు, ఉల్లిపాయలు చింతపండు రసంలో ఉడికాక బెల్లం, గింజలు వేసి, మెంతులు, ఇంగువ పోపు పెట్టు. చిక్కదనానికి బియ్యప్పిండి అక్కరలేదు, రెండు గరిటెల గింజలు మెదిపి కలిపితే చాలు.

వార్చిన నీళ్ళతో ఉలవచారు పద్ధతిలో చారు కాచుకోవచ్చు. బొబ్బర్ల వడల్లా నానిన గింజలను పచ్చిగా రుబ్బి మాత్రం వేయకు; ఉడికించి, బాగా ఆరబెట్టి, బియ్యప్పిండి కలిపి తట్టు.

రోజూ ఇంత ఓపిక నీకుండదని నాకు తెలుసు. ఆదివారం మూడు గ్లాసులు ఒకేసారి ఉడికించి, చల్లార్చి, ఉడికిన నీళ్ళతో సహా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకో. నీళ్ళు లేకుండా పెడితే తొక్కలు ఎండి విడిపోతాయి. మొదట ఆవ కూర వండి, అబ్బాయి ఏమన్నాడో వ్రాయి.

ఆశీస్సులతో
మీ అత్త