దుప్పి కొమ్ము మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివాను. మంచి టాపిక్ పట్టావు, దుప్పి కొమ్ములోంచి తీసిన ఉప్పుతో బిస్కెట్లు చేసేవాళ్ళంటే ఎవరైనా ఆగి చదువుతారు. కానీ మూడు పేరాల నిండా ఎంత వింతో ఎంత వింతో అన్నావు గానీ, ఎండిపోయిన కొమ్ములోంచి అంత ఘాటైన అమ్మోనియా వాసన ఎలా వచ్చిందో ఒక్క లైను కూడా రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు కొమ్ము గురించి చెప్పు. జింక అని ఊరికే రాస్తే సగం మంది కృష్ణజింక అనుకుంటారు, దాని కొమ్ములు రాలవు. యూరప్‌లో వాడింది ఎర్ర దుప్పి కొమ్ము, అది అచ్చంగా ఎముక, ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. దాంట్లో కాల్షియం ఫాస్ఫేట్‌తో పాటు కొలాజెన్ అనే ప్రొటీన్ బాగా ఉంటుంది, ప్రొటీన్ అంటే నైట్రోజన్ ఉన్నట్టే. బయట మంటలో వేస్తే అదంతా కాలిపోయి తెల్ల బూడిద మిగుల్తుంది. అదే ముక్కలు కొట్టి, ఇనప పాత్రలో గాలి చొరకుండా మూసి, కింద మంట పెంచుకుంటూ పోతే కొలాజెన్ విరిగిపోయి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి, వాటిని గొట్టంలోంచి చల్లటి పాత్రలోకి పంపిస్తే అడుగున ఘాటు నీళ్ళు చేరతాయి, గోడలకి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వెనకాలే నల్లగా చిక్కగా కంపు కొట్టే నూనె కూడా వస్తుంది. ఆ నీళ్ళ పేరు స్పిరిట్ ఆఫ్ హార్ట్స్‌హార్న్ (హార్ట్స్‌హార్న్ అంటే దుప్పి కొమ్మే), ఆ ఉప్పు అమ్మోనియం కార్బొనేట్, ఆ నూనెలాంటిదే 18వ శతాబ్దంలో డిప్పెల్ అనే జర్మన్ ఆయన పేరుమీద మందుగా అమ్ముడుపోయింది. ఆ ఉప్పుకి నూనె కంపు అంటుకునే ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ వేడిచేసి శుభ్రం చేసుకునేవాళ్ళు. ఈ పని పాఠకుడికి కళ్ళముందు కనపడాలి, నీ వ్యాసానికి ప్రాణం ఇదే.

ఇక్కడ నువ్వొక తొందర పని చేశావు, మన ఆయుర్వేదంలో శృంగ భస్మం, అంటే కొమ్ము కాల్చిన బూడిద మందు, ఉంది కాబట్టి మనవాళ్ళకీ అమ్మోనియా తెలుసు అని తేల్చేశావు. ఆ భస్మం ఎలా చేస్తారో చూడు, కొమ్ము ముక్కల్ని జిల్లేడుతో కలిపి మూకుళ్ళలో పెట్టి, సీల్ చేసి, పుటం వేసి తెల్లగా అయ్యేదాకా కాలుస్తారు. అక్కడ కావాల్సింది బూడిద, అమ్మోనియా ఏమన్నా ఉంటే ఎప్పుడో పోయింది. అలాగని వాళ్ళు ఆవిరి పట్టారు మనం బూడిద పట్టాం అని డైలాగ్ కొట్టకు, యూరప్ వైద్యులు కూడా కాల్చిన కొమ్ము బూడిదని విరేచనాలకి ఇచ్చేవాళ్ళు. మన వైపు లింకు కావాలంటే నవసారం ఉంది, కళాయి వేసేవాళ్ళ దగ్గర చూసుంటావు. అది అమ్మోనియం క్లోరైడ్. ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లాండ్ శాస్త్రవేత్త 1770ల్లో అమ్మోనియా గ్యాస్‌ని విడిగా పట్టింది దాన్ని సున్నంతో కలిపి వేడిచేసే.

బిస్కెట్ల దగ్గర ఇంకాస్త ఆగు. జర్మనీలో క్రిస్మస్‌కి చేసే లెబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కెట్లలో ఇప్పటికీ ఈ ఉప్పు వేస్తారు, పేరు కూడా కొమ్ము ఉప్పనే. స్వీడన్, నార్వేలోనూ అంతే. ఓవెన్ వేడికి మొత్తం గ్యాసై పోతుంది, పిండిని పొంగించి వెళ్ళిపోతుంది, వంటసోడాలాగ వెనక రుచి మిగల్చదు. అందుకే పల్చటి, కరకరలాడే వాటికే వాడతారు, మందపాటి తడి కేకులో వేస్తే అమ్మోనియా బయటికి పోలేక లోపలే ఉండిపోయి నోట్లో పెట్టలేం. ఓవెన్ తలుపు తీసిన క్షణంలో కళ్ళు మండుతాయి, ఆ సంగతి కూడా రాయాలి నువ్వు. మన కిరాణా కొట్టు బిస్కెట్ ప్యాకెట్ వెనక 503 అనే నెంబరు ఉంటే అది దీని చుట్టమే, కాకపోతే ఇప్పుడు కొమ్ములతో పనిలేదు. 19వ శతాబ్దంలో అమ్మోనియా బొగ్గు గ్యాస్ ఫ్యాక్టరీల నుంచి చవగ్గా వచ్చేసింది, 1913 నుంచి జర్మనీలోని ఒప్పావులో గాల్లోని నైట్రోజన్‌తోనే తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

మూర్ఛపోయినవాళ్ళకి ఈ ఉప్పు వాసన చూపించడం గురించి బాగానే రాశావు, ముక్కులో మంట పుట్టి గబుక్కున ఊపిరి పీలుస్తారు, అంతే దాని పని. పాము కాటు పేరా మాత్రం నాకు భయం వేసింది తమ్ముడూ. కాటుకి ఈ ఘాటు నీళ్ళు వాడేవాళ్ళు అని రాసి వదిలేశావు. ఫోంటానా అనే ఇటలీ ఆయన విషం మీద ప్రయోగాలు చేసి ఇది పనిచెయ్యదని 18వ శతాబ్దంలోనే చెప్పాడు, ఆ మాట అదే పేరాలో ఉండి తీరాలి. పల్లెటూళ్ళో ఫోన్‌లో చదివేవాళ్ళుంటారు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి యాంటీ వీనమ్ ఇప్పించాలని స్పష్టంగా రాయి. అలాగే మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పి కొమ్ములు అమ్మడం కొనడం నేరమని కూడా చేర్చు, లేకపోతే కామెంట్లలో ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు.

ముందు ఆ ఇనప పాత్ర పేరా ఒక్కటీ తిరగరాసి పంపు, వింత అనే మాట ఒక్కసారి కూడా లేకుండా.

మీ అన్న