ఎనిమిది రోజుల షూటింగ్, ముప్ఫై రోజుల ఇల్లు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో ఉండి టీవీ కామెడీ స్కిట్లు చేస్తున్నాను. వయసు 31, పెళ్ళి కాలేదు. నెలకి అటూ ఇటూగా ఎనిమిది రోజులు షూటింగ్, రోజుకి 10 వేల లోపు. పండగ ఈవెంట్లు కలిపితే ఏడాదికి 9 లక్షల దాకా వస్తుంది. ముందే పన్ను కింద టీడీఎస్ పట్టుకొనే ఇస్తారు. ఊళ్ళో అమ్మకి నేనే పంపాలి. బ్యాంకులో 4 లక్షలున్నాయి. కారు లేకపోతే ఇండస్ట్రీలో విలువివ్వరని తోటివాళ్ళంటున్నారు. గోపాల్‌పూర్ రోడ్డులో స్థలం ఉంది, అడ్వాన్సు పంపమని అన్నయ్య అంటున్నాడు. ఫోన్ తెరిస్తే ఫలానా హాస్యనటి ఆస్తి ఇన్ని కోట్లు అని కనిపిస్తుంది. నేనే ఎక్కడో వెనకబడ్డానేమోనని టెన్షన్. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ కోట్ల సంగతి తేల్చేద్దాం. ఆ అంకెలు వేసేవాళ్ళు ఆవిడ పాస్‌బుక్ చూసి వెయ్యరు. ఎపిసోడ్‌కి ఇంతట అని ఎవరో అన్నమాట పట్టుకుని, దాన్ని ఎపిసోడ్లతో గుణించి, ఇల్లూ కారూ కలిపేస్తారు. వాటి మీదున్న అప్పు మాత్రం తీసెయ్యరు. దాని పక్కన మీ 4 లక్షలు పెట్టి చూసుకోకండి అమ్మా.

టీవీ హాస్యం మీద నిజంగా సంపాదించినావిడ కథ కావాలంటే అమెరికా నటి లూసిల్ బాల్‌ది ఉంది. 1951లో తమ కామెడీని ఫిల్మ్ మీద తీస్తామని ఆవిడా, భర్త డెసీ ఆర్నాజూ పట్టుబట్టారు. ఖర్చు పెరుగుతుందని సీబీఎస్ టీవీ వాళ్ళు వెనకాడితే తమ పారితోషికం తగ్గించుకుని, బదులుగా ఎపిసోడ్ల హక్కులు తమ కంపెనీకి ఉంచుకున్నారు. ఒకసారి వేసేసిన కామెడీని మళ్ళీ ఎవరు చూస్తారులే అనుకునే రోజులవి. చూశారు, ఏళ్ళ తరబడి చూశారు. 1957లో వాళ్ళ కంపెనీ ఆర్‌కేఓ స్టూడియోనే కొంది. 1930లలో ఆవిడ జీతానికి వేషాలు వేసిన చోటు అది! విడాకుల తర్వాత 1962లో భర్త వాటా కొనేసింది. 1967లో కంపెనీని 1 కోటీ 70 లక్షల డాలర్లకు అమ్మింది. రోజుకింతని తీసుకునే పేమెంటుతో అంత డబ్బు ఎప్పటికీ రాదు. ఈ సంగతి చివర్లో మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు మీ లెక్క. 9 లక్షల్లో 10 శాతం చొప్పున టీడీఎస్ పోతే చేతికొచ్చేది 8 లక్షల 10 వేలు, నెలకి సగటున 67,500. కానీ మీకు నెలనెలా అంత రాదు కదా. ఆషాఢంలో చేసిన షూటింగ్ డబ్బు దసరాకి పడుతుంది. పడిన నెల రాజయోగం, పడని నెల స్నేహితురాలి దగ్గర చేబదులు. అందుకని రెండు ఖాతాలు పెట్టుకోండి. వచ్చే ప్రతి రూపాయీ మొదటి దాంట్లో పడాలి. ఒకటో తారీకున అందులోంచి రెండో ఖాతాకి 45 వేలు మార్చుకోండి. అది మీ జీతం. అద్దె, అమ్మకి పంపేది, చీరలు, మేకప్, ఊరికెళ్ళే ఫలక్‌నుమా రైలు టికెట్టు, అన్నీ అందులోనే. ఒక నోట్‌బుక్‌లో షూటింగ్ తేదీ, మొత్తం, డబ్బు పడిన తేదీ మూడు గళ్ళుగా రాయండి. మూడో గడి ఖాళీగా ఉన్న వరసలు చూస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసిపోతుంది.

ఆ 90 వేల టీడీఎస్ మీ డబ్బే. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. గడువులోగా రిటర్ను వేస్తే ఆ 90 వేలూ వెనక్కి వస్తాయి. టీడీఎస్ కట్ అయింది కదా, ఇంకేం రిటర్ను అని వదిలేసే కళాకారుల్ని చాలామందిని చూశాను. మీ పేరున కట్టిన టీడీఎస్ అంతా చూపించే ఫారం 26ఏఎస్ తీసి మీ నోట్‌బుక్‌తో పోల్చండి. పట్టుకుని ప్రభుత్వానికి కట్టనివాళ్ళు ఎవరైనా ఉంటే అక్కడే దొరికిపోతారు.

బ్యాంకులో ఉన్న 4 లక్షలు ముట్టుకోకండి. 45 వేల చొప్పున అది దగ్గర దగ్గర తొమ్మిది నెలల ఇల్లు. ఉద్యోగస్థులకి ఆరు నెలలు చాలంటాను. షో ఆగిపోతే ఒక్క ఫోనూ రాని మీ పనికి తొమ్మిది కావాలి. ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి.

దీంతో కారుకీ, స్థలానికీ జవాబు దొరికినట్టే. 8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ళు అంటే ఈఎంఐ 16,600. జీతం పోగా మీకు నెలకి మిగిలేదే 22,500. ఎనిమిది రోజులు క్యాబ్‌లో వెళ్ళొచ్చినా 6, 7 వేలు దాటదు. మీ టైమింగ్‌కి జనం నవ్వుతున్నారు, దిగిన బండికి నవ్వట్లేదు.

స్థలం విషయంలో అన్నయ్యతో గొడవ వద్దు, కాగితాలడగండి. ఒడిశా భూమి రికార్డుల సైట్ భూలేఖ్‌లో ఆ స్థలం ఖాతా నంబరు కొట్టి భూమి రకం 'ఘరబారి' (ఇల్లు కట్టుకునే భూమి) అని ఉందో లేదో చూడమనండి. కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి, చదవగలిగిన లాయరుకి చూపించండి. రెండేళ్ళ తర్వాత కొన్నా మీ పేరునే రాయించుకోండి. అక్కడ ఆడవాళ్ళకి స్టాంపు డ్యూటీ ఒక శాతం తక్కువ కూడా.

ఆ 22,500లో ముందు మీకూ అమ్మకీ హెల్త్ పాలసీ, మీకో టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే బీమా). వీటి మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. మీకు పీఎఫ్ లేదు కాబట్టి ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో 5 వేలు, ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే ఫండ్) సిప్‌లో, అంటే నెలనెలా కట్టే పద్ధతిలో, 10 వేలు. పేమెంటు పడని నెల సిప్ ఆపినా తప్పులేదు, మళ్ళీ మొదలుపెట్టండి.

ఇక లూసిల్ బాల్ దగ్గరికి. మీరు చేసే స్కిట్లు ఛానల్‌వి, అవి ఎన్నిసార్లు వేసినా మీకు పైసా రాకపోవచ్చు. సగం ఒడియా కలిసిన మన బరంపురం తెలుగు మాత్రం మీది. దాంతో నెలకి రెండు చిన్న వీడియోలు సొంత ఛానల్‌లో పెట్టుకోవచ్చు. వెంటనే డబ్బొస్తుందని చెప్పను. మొదలుపెట్టే ముందు ఇప్పటి అగ్రిమెంటు తీసి, బయట కామెడీ చెయ్యకూడదని ఎక్కడైనా రాశారేమో చూసుకోండి. కాపీ మీ దగ్గర లేకపోతే ఈ వారమే మేనేజర్‌ని అడగండి.