జెండా మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

జాతీయ జెండా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే కాషాయం త్యాగం, తెలుపు శాంతి, ఆకుపచ్చ పాడిపంటలు అని అప్పజెప్పేశావు. స్కూల్లో జెండా వందనం నాడు అందరూ విన్నదే కదా.

అర్థాల సంగతి తర్వాత. ముందు ఆ జెండా ఎలా రూపు కట్టిందో చూడు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి ఇచ్చిన నమూనాలో ఉన్న రంగులు ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే. గాంధీ తెలుపు కలపమన్నారు. అప్పట్లో ఒక్కో రంగును ఒక్కో మతానికి లెక్క కట్టేవారు. దాని మీద అభ్యంతరాలు వచ్చి 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టింది, రంగులకు మతంతో పని లేదని తేల్చేసింది. ఆకుపచ్చ మాత్రం ఉండిపోయింది, దాని అర్థమే మారింది. ఇంత మంచి కథను ఒక్క వాక్యంలో దాటేశావేంటి?

ఇక చక్రం. 1931 జెండాలో రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం పెడుతూ నెహ్రూ చెప్పిన ఇబ్బంది చూడు: రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు. జెండాకి రెండు వైపులుంటాయి కాబట్టి అవతలి నుంచి చూస్తే బొమ్మ తారుమారవుతుంది. అందుకని కదురు, దారం వదిలేసి చక్రాన్ని ఉంచారు, సారనాథ్ అశోక స్తంభం మీది చక్రాన్ని తీసుకున్నారు. అది రాట్నానికి గుర్తే అని తీర్మానంలోనే రాశారు. గొప్ప భావం వెనక ఇంత చిన్న డిజైన్ చిక్కు! నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెడతాను.

ఆ తీర్మానంలో రంగుల పేర్లు, కొలతలు ఉన్నాయి గానీ రంగుల అర్థాలు లేవు. కాషాయాన్ని త్యాగంతో, ఆకుపచ్చను నేలతో, మొక్కలతో ముడిపెట్టింది అదే రోజు మాట్లాడిన రాధాకృష్ణన్. కాబట్టి ఆయన పేరుతోనే చెప్పు, జెండా తనంతట తాను చెబుతున్నట్టు రాయకు.

చక్రంలోని 24 ఆకులకు 24 సుగుణాలంటూ నువ్విచ్చిన జాబితా కూడా తీర్మానంలో లేదు. అది కొట్టేయ్. అరపేజీ ఖాళీ అవుతుంది, రాట్నం సంగతికి ఆ చోటు సరిపోతుంది.