టెక్ సందేహాలు: బేస్ గిటార్‌కి స్క్రూడ్రైవర్ పట్టే ముందు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నల మధ్య బేస్ గిటార్ ప్రశ్నలు కూడా చాలానే పోగయ్యాయి. ఈసారి వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. చదువుతుంటే ఒకటి గమనించాను. చాలామంది ముందు పార్టు కొనేసి, ఆ తర్వాత జబ్బేమిటని అడుగుతున్నారు. అందుకే ప్రతి జవాబులోనూ ఖర్చులేని పరీక్ష ముందు చెప్పి, సోల్డరింగ్ ఐరన్‌ని చివరికి నెట్టాను.

ప్రశ్న: నా దగ్గర రెండు బేస్‌లున్నాయి. ఒకటి బ్యాటరీ అక్కర్లేని పాసివ్, రెండోది బ్యాటరీతో నడిచే యాక్టివ్. రెండూ ఫోన్‌లో రికార్డు చేసి స్నేహితులకు పంపితే, అందరూ యాక్టివ్‌దే బాగుందన్నారు. పాసివ్ దానికి కూడా ప్రీయాంప్ (సిగ్నల్ బలం పెంచే చిన్న సర్క్యూట్) పెట్టించేయమంటారా?

జవాబు: తొందరపడకండి. మీ స్నేహితులు మెచ్చుకున్నది బహుశా ప్రీయాంప్‌ని కాదు, ఎక్కువ వాల్యూమ్‌ని. ఒకే వాద్యాన్ని కొంచెం తక్కువగా ఒకసారి, కొంచెం ఎక్కువగా ఒకసారి వినిపిస్తే చాలామందికి రెండోదే నిండుగా, స్పష్టంగా అనిపిస్తుంది. యాక్టివ్ బేస్ సిగ్నల్ మామూలుగానే బలంగా ఉంటుంది కాబట్టి పోటీ మొదలవకముందే గెలిచేసింది.

ఇంకో చిక్కు ఫోన్‌తో. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ, అంటే ఇ, సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కింది స్వరాన్ని దాదాపు పలికించలేదు. అయినా స్వరం ఏదో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే దాని పైన 82, 124, 165 హెర్ట్జ్ దగ్గర వచ్చే హార్మోనిక్స్ (అసలు స్వరంతోపాటే మోగే పై స్వరాలు) విని అసలు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. అంటే ఫోన్‌లో మీవాళ్లు విన్నది బేస్ కాదు, బేస్ పైభాగం. ట్రెబుల్ (పైస్థాయి శబ్దం) కాస్త పెంచి ఉన్న వాద్యమే అక్కడ నెగ్గుతుంది. పైగా మెసేజింగ్ యాప్‌లు వాయిస్ మెసేజ్‌ని మాటల కోసం కుదిస్తాయి, సంగీతం కోసం కాదు.

సరిగ్గా పోల్చాలంటే రెండింటినీ ఒకే కేబుల్‌తో, ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (వాద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఒకే ఇన్‌పుట్‌కి పెట్టి రికార్డు చేయండి. యాక్టివ్ దాని ఈక్యూ (శబ్దంలో పై, కింది స్థాయిలను మార్చే) నాబ్‌లను మధ్యలో ఉంచండి, పాసివ్ దాని టోన్ పూర్తిగా తెరవండి. రెండింటి మీదా ఒకే వరస, ఒకే వేగంతో, మెట్రోనోమ్ పెట్టుకుని వాయించండి. ఆ తర్వాత ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడి రెండింటినీ ఒకే స్థాయికి తెండి. పీక్ నార్మలైజేషన్ వాడితే లాభం లేదు. అది తీగ మీటిన క్షణంలో వచ్చే శిఖరాన్నే కొలుస్తుంది, చెవికి తగిలే మొత్తం శబ్దాన్ని కాదు. చివరగా ఇంట్లో ఎవరిచేతనైనా ఫైళ్ల పేర్లు మార్పించి, ఏది ఏదో తెలియకుండా హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఏది యాక్టివో, ఏది బాగుందో చెప్పడానికి చాలాసార్లు తడబడతారు.

ఇందులో అందరూ మరిచిపోయేది కుడిచెయ్యి. బ్రిడ్జి (తీగల కింది చివర ఆనే భాగం) దగ్గర మీటితే ఒకలా, నెక్ దగ్గర మీటితే ఇంకోలా వస్తుంది. ఆ తేడా చాలా పికప్‌ల (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం మీద సన్నని వైరు చుట్టిన భాగాలు) మధ్య ఉండే తేడా కన్నా పెద్దది. తీగలు కూడా అంతే. ఒకదానికి కొత్త తీగలు, రెండోదానికి ఏడాది పాతవి ఉంటే మీరు పోలుస్తున్నది తీగల వయసునే. ఇవన్నీ సరిచేశాక కూడా యాక్టివే నచ్చితే, అప్పుడు ప్రీయాంప్ గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: నాది రెండు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లున్న, ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ తరహా వాద్యం. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకటి తగ్గించగానే గుయ్యిమంటుంది. లోపల వైరు ఊడిందా?

జవాబు: ఏమీ ఊడలేదు. దాని తయారీయే అంత. ఈ రెండు పికప్‌లలో ఒకదాని వైరు చుట్ట రెండోదానికి వ్యతిరేక దిశలో ఉంటుంది, అయస్కాంతం ధ్రువాలు కూడా తిరగేసి ఉంటాయి. అందువల్ల తీగల సిగ్నల్ రెండింటిలోనూ కలిసివస్తుంది, కరెంటు లైన్ల నుంచి వచ్చే హమ్ మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక వాల్యూమ్ తగ్గిస్తే ఆ లెక్క తప్పుతుంది, హమ్ బయటపడుతుంది. ఫెండర్‌దే అయిన ప్రెసిషన్ బేస్‌లో 1957 నుంచి పికప్‌ని రెండు ముక్కలుగా చేస్తున్న పద్ధతిలోనూ ఈ సూత్రమే ఉంది. అందుకే దానికి ఈ బాధ లేదు.

లోపల రాగి టేపు అంటించమని చాలామంది సలహా ఇస్తారు. అది పనికొచ్చేదే, కానీ సగం రోగానికే. ఎల్‌ఈడీ డిమ్మర్లు, అడాప్టర్లు పుట్టించే గీరుడు శబ్దాన్ని టేపు తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత హమ్‌ని రాగి రేకు ఆపలేదు. అది పోవాలంటే అదే సైజులో వచ్చే హమ్ క్యాన్సలింగ్ పికప్‌లు వేయించడమే దారి. ఆ లోగా యాంప్, ల్యాప్‌టాప్ చార్జర్‌లకు కాస్త దూరంగా జరిగి, వాద్యాన్ని పక్కకు తిప్పి చూడండి. ఏదో ఒక కోణంలో బాగా తగ్గుతుంది.

తీగల మీద చెయ్యి పెడితే శబ్దం తగ్గుతోందా? అయితే గ్రౌండ్ బాగానే ఉంది, టెన్షన్ వద్దు. చెయ్యి పెడితే పెరుగుతోందంటే జాక్ దగ్గర వైర్లు తారుమారై ఉండవచ్చు, లేదా ప్లగ్, సాకెట్ ఎర్తింగ్ సమస్య ఉండవచ్చు. రెండోదైతే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఒక్క పికప్ మాత్రమే మార్చాలనుకునేవాళ్లకు హెచ్చరిక. పాతదానితో జత కుదిరేలా ధ్రువాలు, చుట్ట దిశ ఉన్నదే కొనండి. కుదరకపోతే రెండూ కలిపినప్పుడు హమ్ పోకపోవచ్చు. ఇంకా ఘోరమేమిటంటే, ఫేజ్ తిరగబడి (రెండు సిగ్నళ్లు ఎదురెదురై) కింది స్వరాలన్నీ మాయమై డొల్ల శబ్దం రావచ్చు. డొల్లగా ఉంటే కొత్త పికప్ రెండు వైర్లను అటుది ఇటు మార్చి టంకం వేస్తే నిండుతనం తిరిగివస్తుంది. హమ్ సంగతి మాత్రం అయస్కాంతం చేతిలో ఉంది.

ప్రశ్న: యాక్టివ్ బేస్ బ్యాటరీ రెండు వారాలకే అయిపోతోంది. రెండు బ్యాటరీలు పెట్టి 18 వోల్టులు చేస్తే ఎక్కువ రోజులు వస్తుందా, శబ్దం పెరుగుతుందా?

జవాబు: వాయించాక కేబుల్ అలాగే వదిలేస్తున్నారు కదూ? చాలా యాక్టివ్ వాద్యాలలో విడిగా ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. జాక్‌లో కేబుల్ గుచ్చడమే ఆన్. అందులో స్టీరియో జాక్ ఉంటుంది, మోనో ప్లగ్ లోపలికి వెళ్లగానే బ్యాటరీ సర్క్యూట్ పూర్తవుతుంది. మామూలు ప్రీయాంప్‌కి 9 వోల్టుల బ్యాటరీ కొన్ని వందల గంటలు రావాలి. రెండు వారాలు ఆపకుండా గుచ్చి ఉంచితే 336 గంటలు. లెక్క సరిపోయింది. కేబుల్ తీసేసినా అయిపోతుంటే అప్పుడు జాక్ వైరింగ్‌ని అనుమానించాలి.

18 వోల్టులతో శబ్దం పెరగదు. గట్టిగా మీటినప్పుడు, స్లాప్ చేసినప్పుడు (బొటనవేలితో తీగను కొట్టినప్పుడు) సిగ్నల్ చీలిపోకుండా జాగా ఎక్కువ దొరుకుతుంది, అంతే. మెత్తగా వాయించేవారికి ఆ తేడా తెలియదు. ప్రీయాంప్ 18 వోల్టులు తట్టుకుంటుందని తయారీదారు రాసి ఉంటేనే చేయండి.

ప్రశ్న: ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఇ తీగ దగ్గర పిచ్చిపిచ్చిగా ఊగుతుంది. మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ మారిస్తే పోదు, అడ్డంకి మైక్ దగ్గరే ఉంది. 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డగీత) మీద తీగను తాకీ తాకనట్టు పట్టి హార్మోనిక్ మోగించండి, అది 82 హెర్ట్జ్ కాబట్టి ఫోన్ పట్టుకుంటుంది. హెడ్‌స్టాక్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ ఉంటే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: పాసివ్ బేస్‌ని కంప్యూటర్ లైన్ ఇన్‌కి పెడితే దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. పైగా మీటిన తర్వాత కాసేపటికి శబ్దం వస్తోంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నాను.

జవాబు: రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఇన్‌పుట్ చూపే అడ్డు). పాసివ్ పికప్‌కి సుమారు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్ సాధారణంగా కొన్ని పదుల కిలో ఓమ్‌లకు మించదు. అంత బరువు పడితే పికప్‌లో ముందు ట్రెబుల్ చచ్చిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అనో, హై జెడ్ అనో రాసి ఉన్న సాకెట్ వాడండి. యాక్టివ్ బేస్‌లకు ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. పొడవాటి కేబుల్ కూడా పాసివ్ వాద్యంలో ట్రెబుల్‌ని కొంత తినేస్తుంది కాబట్టి, మూడు మీటర్లు చాలే చోట పది మీటర్లు వాడకండి.

ఆలస్యానికి మొదటి దోషి బ్లూటూత్. వంద మిల్లీసెకన్లు దాటే ఆలస్యంతో తాళం నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. వైరున్న హెడ్‌ఫోన్స్‌ని ఇంటర్‌ఫేస్‌కే పెట్టండి. తర్వాత బఫర్ సైజు (కంప్యూటర్ ఒకేసారి పోగేసుకునే శాంపిల్స్ సంఖ్య) చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే ఒకవైపు 2.7 మిల్లీసెకన్లు, 512 అయితే 10.7. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో (ASIO, ఆలస్యం తగ్గించే) డ్రైవర్ వేసుకుని 128తో మొదలుపెట్టండి. చిటపటలు వస్తే ఒక మెట్టు పెంచండి.

ప్రశ్న: 1960ల నాటి గుండ్రని, పొట్టి శబ్దం కావాలి. ఆయిల్‌లో ముంచిన పాతకాలపు కెపాసిటర్, కొత్త పికప్‌లు, 500 కిలో ఓమ్ పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే, తిప్పి మార్చే నిరోధకాలు) కొనాలనుకుంటున్నాను. క్రమం చెప్పగలరా?

జవాబు: క్రమం చెబుతాను, కానీ మీ జాబితాలో ఉన్నవేవీ అందులో ముందు రావు. ఆ కాలపు శబ్దానికి మొదటి కారణం ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన రేకు చుట్టిన, నున్నని) తీగలు. రెండోది బ్రిడ్జి కవర్ కింద తీగలకు ఆనుకునే ఫోమ్ ముక్క. అప్పటి ఫెండర్ బేస్‌లు ఆ ఫోమ్‌తోనే వచ్చేవి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ రికార్డింగులలో జేమ్స్ జేమర్సన్ వాయించిన ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు, ఫోమ్ రెండూ ఉండేవి. ఒక స్పాంజి ముక్క బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చి, టోన్ నాబ్ సగానికి తిప్పి, బొటనవేలి పక్క కండతో మెత్తగా మీటి చూడండి. మీకు కావలసిన దాంట్లో ఎక్కువ భాగం ఇవాళే దొరుకుతుంది. నచ్చితే ఫ్లాట్‌వౌండ్ తీగలు కొనండి. వాటి బిగువు చాలావరకు ఎక్కువ కాబట్టి నెక్ కొంచెం ముందుకు వంగుతుంది. ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకుండా సరిచేసుకోండి.

కెపాసిటర్ విషయంలో నా అభిప్రాయం కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. టోన్ సర్క్యూట్‌లో వినబడేది దాని విలువ, దాని ఒంటి మీద రాసిన పేరు కాదు. 0.047 మైక్రోఫారడ్ ఎక్కువ బేస్‌లలో ఉండేది. 0.1 వేస్తే టోన్ తగ్గించినప్పుడు ఇంకా చీకటిగా ఉంటుంది. టోన్ పూర్తిగా తెరిచి వాయించేవాళ్లకు ఏది వేసినా ఒకటే, ఎందుకంటే అప్పుడు కెపాసిటర్‌కి ముందు పాట్ మొత్తం అడ్డుగా ఉంటుంది. పాట్‌ల సంగతికొస్తే, 250 నుంచి 500కి వెళ్తే శబ్దం ఇంకా మెరుస్తుంది. మీరు కోరుకునేది దానికి సరిగ్గా వ్యతిరేకం. పైగా 250 అని రాసి ఉన్న పాట్‌లో 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే. ఒకే మోడల్ వాద్యాలు రెండు వేరుగా మోగితే, కలప మీద వాదన మొదలుపెట్టే ముందు మల్టీమీటర్‌తో పాట్‌లు కొలవండి.

సోల్డరింగ్ చేయాలని చేతులు దురదగా ఉంటే, రెండు పికప్‌ల బేస్‌లో సిరీస్ (పికప్‌లు ఒకదాని వెనక ఒకటి), ప్యారలల్ (పక్కపక్కన) స్విచ్ పెట్టుకోండి. పైకి లాగి, కిందికి నొక్కే పుష్ పుల్ పాట్ ఒకటి చాలు, చెక్కకు కొత్త రంధ్రం అక్కర్లేదు. సిరీస్‌లో పెట్టగానే శబ్దం, మిడ్ (మధ్యస్థాయి) రెండూ పెరిగి ప్రెసిషన్ వైపు జరుగుతుంది. నచ్చకపోతే నాబ్ కిందికి నొక్కితే పాత శబ్దం పాత శబ్దమే.

ప్రశ్న: అయిదు తీగల బేస్ కొనకుండా, నా నాలుగు తీగల దాన్నే బి, ఇ, ఎ, డి గా మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవచ్చు. అయిదు తీగల సెట్ కొని అందులో సన్నని జి తీగ పక్కన పెట్టేయడమే. బి తీగ సాధారణంగా 0.130 అంగుళాల లావు ఉంటుంది, మామూలు ఇ తీగ 0.105. అది మీ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలోకి, ట్యూనర్ పోస్ట్‌లోకి, బ్రిడ్జి రంధ్రంలోకి దూరుతుందో లేదో ముందు కొలవండి. నట్‌ని ఆకురాయితో వెడల్పు చేస్తే వెనక్కి రాదు. కాబట్టి ఉన్నది దాచిపెట్టి వేరే నట్ మీద ఆ పని చేయండి. తీగలు వేశాక నెక్ వంపు, తీగల ఎత్తు, 12వ ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ (స్వరం సరిగ్గా పలకడం) అన్నీ మళ్లీ చూసుకోవాలి. ఫ్రెట్ చేసిన స్వరం హార్మోనిక్ కన్నా హెచ్చుగా ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపండి, తగ్గితే ముందుకి. బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, చిన్న యాంప్‌లో దాని కింది భాగం వినిపించదు. పాట మొత్తంలో ఒకటి రెండు చోట్లే కింది స్వరం కావాలంటే ఇదంతా ఎందుకు, ఇ తీగను డి కి దించుకుని వాయించండి.