కట్ట పొంట కొర్రమట్ట పడకుంటే

తమ్మీ, నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద నాలుగు ఆదివారాలు నిలబడి, కప్ప ఎరలు మార్చి మార్చి ఏసినా ఒక్క కొర్రమట్ట (కొరమీను) ముట్టలేదన్నవు. ఎర తప్పు కాదు, జాగ తప్పు. పొద్దుగాల నుంచి ఆ రాళ్ల పొంట అన్ని గాలాలు పడుతుంటే పెద్ద చేప అక్కడెందుకుంటది?

ముందు రాడ్ పక్కన పెట్టి అరగంట నీళ్లే చూడు. కొర్రమట్టకు మొప్పలొక్కటే సరిపోవు, గాలి కోసం పైకి రాక తప్పదు. ‘గుబుక్’మని చిన్న చప్పుడు, నీళ్ల మీద ఓ గుండ్రం, అంతే. అదే జాగల మళ్ల లేస్తే దాని ఇల్లు అక్కడే అనుకో. నాచు అంచునో, మునిగిన తుమ్మ మొద్దు పక్కనో ఉంటది. ఎండకాలం నీళ్లు తగ్గినప్పుడు పోయి ఆ మొద్దులు, గుంతలు ఫోన్ల ఫొటో తీసి పెట్టుకో. నాకు చేపలిచ్చింది రాడ్ కన్నా ఆ ఫొటోలే.

ఎర సరిగ్గా దాని నెత్తిన ఏయకు. రెండు గజాలు అవతల పడేసి మెల్లగ గుంజుకురా. మోనో (ఒంటిపోగు నైలాన్) దారం తీసేసి సన్న బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) కట్టు, ఇంకింత దూరం పోతది. నోట్ల పట్టంగనే గుంజకు, ఒకటి, రెండు లెక్కపెట్టి అప్పుడు గాలం దిగేటట్టు రాడ్‌ను గట్టిగ కొట్టు.

లారీ ట్యూబ్ మీద లోపలికి పోతనన్నవు గదా, లైఫ్ జాకెట్ లేకుంటే వద్దే వద్దు. మత్స్యకారుల సొసైటీ వాళ్లను కూడా ముందే అడుగు. వానకాలం ఎర్రటి పిల్లల గుంపు కనబడితే కింద తల్లో తండ్రో కాపలా ఉంటది, దాన్ని మాత్రం వదిలెయ్యి.