సంచి ఆపరేషన్ అయిన అక్కకు 41కే బీపీ, కొలెస్ట్రాల్: గుండెకు ముప్పు ఉందా?

పరకాల దగ్గర ఊళ్లో ఉండే మీ అక్కకు 41 ఏళ్లు, నాలుగేళ్ల కింద గర్భసంచి తీసేశారు, ఇప్పుడు బీపీ, కొలెస్ట్రాల్ రెండూ పెరిగాయి అని రాశారు. ముట్లు ముందే ఆగిపోయిన ఆడవాళ్లకు గుండెజబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా, ఏం చేయాలి అని మీ ప్రశ్న.

ముప్పు పెరిగే మాట నిజమే. కానీ మీ అక్క విషయంలో ముందు తేలాల్సింది ఒకటుంది. సంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా? చాలా ఇళ్లలో ఆపరేషన్ చేయించుకున్న మనిషికే ఆ సంగతి తెలియదు.

నేను డాక్టర్‌ను కాను, హనుమకొండలో టీచర్‌ను. నాకు ఏ ఆపరేషనూ లేకుండానే 39కి ముట్లు ఆగిపోయాయి. మా అమ్మకు ముప్పైల్లోనే సంచితో పాటు అండాశయాలూ తీసేశారు. యాభై దాటిన కొత్తలోనే స్టెంట్ పడింది. ఆమె గుండె ఫైల్ మొత్తం తిరగేస్తే ఆ పాత ఆపరేషన్ ఊసే లేదు. ఆడవాళ్ల డాక్టర్ కాగితాలు వేరు, గుండె డాక్టర్ కాగితాలు వేరు, రెండింటినీ కలిపి చూసేవాళ్లు లేరు. నా వంతు వచ్చాక నేను ఏ డాక్టర్ దగ్గర కూర్చున్నా, పంటి డాక్టర్ దగ్గర తప్ప, మొదటి మాట అదే చెప్తున్నాను: "నాకు 39కే ముట్లు ఆగిపోయినయి సార్."

మీరు చేయాల్సిన మొదటి పని డిశ్చార్జ్ సమ్మరీ వెతకడం. అందులో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని అర్థం. పక్కనే బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు వైపులా అండాశయాలు, ట్యూబులు తీసేసినట్టే. సమ్మరీ దొరక్కపోతే బయాప్సీ రిపోర్టు చూడండి, పరీక్షకు ఏయే భాగాలు పంపారో అందులో రాస్తారు. అదీ లేకపోతే అల్ట్రాసౌండ్‌లో అండాశయాలు కనిపిస్తాయేమో అడగండి. "పిల్లలు పుట్టినంక సంచితో ఏం పని" అని తీసేయించడం మన దగ్గర ఎంత మామూలైందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలోకెల్లా ముందున్నవి రెండు తెలుగు రాష్ట్రాలే. క్యాన్సర్‌కో, ఆగని రక్తస్రావానికో తీస్తే అది వేరు. తెల్లబట్టకూ నడుంనొప్పికీ తీసేయడం మాత్రం అన్యాయమని నా అభిప్రాయం.

అండాశయాలు తీసేసి ఉంటే మీ అక్కకు ఆపరేషన్ రోజునే, అంటే 37కే మెనోపాజ్ (ముట్లు పూర్తిగా ఆగిపోయే దశ) వచ్చేసింది. మన దేశంలో సహజంగా వచ్చే వయసు సగటున 46, 47. నలభై ఐదు లోపు వస్తే ముందుగా వచ్చినట్టు, నలభై లోపు వస్తే మరీ ముందుగా వచ్చినట్టు లెక్క. అండాశయాలు ఉంచి ఉంటే అవి ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. కాకపోతే సంచి తీసినప్పుడు వాటికి రక్తం అందడం కొంత తగ్గుతుంది కాబట్టి కొందరిలో మామూలు కన్నా కొన్నేళ్లు ముందే ఆగిపోతాయి. సంచి లేదు కనుక ముట్లను బట్టి తెలిసే దారి లేదు. ఒక్కసారిగా ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టడం, రాత్రి నిద్ర తెగడం, యోని పొడిబారడం ఉన్నాయా అని అక్కను మెల్లగా అడగండి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ అనే రక్తపరీక్షలతో డాక్టర్ తేలుస్తారు.

గుండెకు దీనికీ సంబంధం ఏమిటంటే, అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ రక్తనాళాలు సాగే గుణం కోల్పోకుండా చూస్తుంది, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను అదుపులో ఉంచుతుంది. అది తగ్గాక ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కొవ్వు తొడల మీద కాకుండా పొట్ట చుట్టూ చేరుతుంది, బీపీ, షుగర్ ఎక్కడం మొదలవుతుంది. నా విషయంలో తిండి మారలేదు, బరువు పెద్దగా పెరగలేదు, అయినా కొలెస్ట్రాల్ రిపోర్టు మాత్రం మారిపోయింది. ముప్పు ఎంత అంటే, 32 పరిశోధనలను కలిపి 3 లక్షల మందికి పైగా ఆడవాళ్ల వివరాలు చూసిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. 45 లోపే ముట్లు ఆగినవాళ్లకు, ఆ తర్వాత ఆగినవాళ్లతో పోలిస్తే గుండె రక్తనాళాల జబ్బు ముప్పు దాదాపు 50 శాతం ఎక్కువని తేల్చింది. ఈ అంకె చూసి టెన్షన్ పడకండి. సగం మందికి జబ్బు వస్తుందని దానర్థం కాదు. నలభై ఏళ్ల వయసులో అసలు ముప్పే తక్కువ, ఆ తక్కువ మీద సగం కలుపుకోవాలి. కానీ బీపీ, కొలెస్ట్రాల్ అప్పటికే ఉన్న మనిషికి అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, మీ అక్క సంగతి అదే. అమెరికా గుండె వైద్యుల 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో నలభై లోపు మెనోపాజ్‌ను, గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరగడాన్ని, దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశాల్లో చేర్చారు. కాన్పుల సమయంలో మీ అక్కకు బీపీ వచ్చిందేమో అది కూడా కనుక్కొని డాక్టర్‌కు చెప్పండి.

హార్మోన్ మాత్రల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. "అవి వేసుకుంటే క్యాన్సర్ వస్తది" అని మా ఆడబిడ్డ నన్ను బాగా భయపెట్టింది. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఒక పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ల వయసు 50 నుంచి 79, సగటు 63. నలభై లోపే హార్మోన్ పోయినవాళ్ల లెక్క వేరు. అలాంటివాళ్లకు అడ్డంకులు లేకపోతే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం ఇప్పుడు నిపుణులు సిఫారసు చేసే పద్ధతి. ఎముకలకూ అది అవసరమే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఇవ్వరు, రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే చాలా ఆలోచిస్తారు. గర్భసంచి ఉన్న నాలాంటివాళ్లకు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా ఇస్తారు, సంచి లేనివాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. మెడికల్ షాపులో అడిగి కొనే మందు కాదిది. బీపీ మాత్రకు, కొలెస్ట్రాల్ మాత్రకు ఇది బదులు కూడా కాదు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మొదలుపెట్టనివ్వకండి.

ఖర్చు గురించి భయపడితే, మండలంలోని పీహెచ్‌సీలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ప్రభుత్వ దవాఖానల నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు శాంపిల్ వెళ్తే రక్తపరీక్షలకు డబ్బు పట్టదు. 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో మంగళవారాలు ఆడవాళ్లకే, మెనోపాజ్ కూడా అందులో ఉంది. ఇప్పుడు మీ దగ్గర ఏ పీహెచ్‌సీలోనైనా నడుస్తుందేమో ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద పరీక్షలు అవసరమైతే వరంగల్ ఎంజీఎం దవాఖాన ఉండనే ఉంది.

తిండి దగ్గర నేను తగ్గించింది ఉప్పు. మన ఇళ్లలో అది కూరలో కన్నా మామిడికాయ తొక్కులో, అప్పడాల్లో ఎక్కువ పోతుంది. పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తాను, వానాకాలంలో ఎగ్గొడతాను. మీ అక్క పొలం పని చేసే మనిషైతే నడక గురించి ఉపన్యాసాలు వద్దు, రాత్రి నిద్ర ఎంత పడుతుందో అడగండి.

"ఇంత చిన్న వయసులో బీపీ మాత్రనా, అలవాటైపోతది" అని ఇంట్లో ఎవరైనా ఆపితే ఒప్పుకోకండి. ఆ మాత్రకు అలవాటు పడటం ఉండదు, మానేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది, అంతే. ఇంకొకటి ఇంట్లో అందరికీ చెప్పండి. ఆడవాళ్లకు కూడా గుండెపోటులో ఎక్కువగా ఛాతీ నొప్పే వస్తుంది. కానీ దాంతో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వాంతి, చల్లని చెమటలు రావచ్చు. మా అమ్మకు ఆ రోజు వచ్చింది వీపు నొప్పి, ఆయాసం. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. అలాంటివి ఉన్నట్టుండి వస్తే సోడాలు, జిలకర నీళ్లు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసేటప్పుడు అండాశయాల సంగతి కూడా చెప్పండి.