అడగండి, చెబుతాను: ఉక్కులో రాయి కలుపుతారా?

ప్రశ్న: మా సైదాపురం వైపు గనుల నుంచి తెల్ల పలుగురాయి లారీల్లో పోతుంటుంది. అది ఉక్కులో కలపడానికేనని మా మేస్త్రి చెప్పాడు. "ఇప్పటి కడ్డీల్లో సగం రాయే అక్కా, కలిపేస్తుండారు" అంటాడు. వచ్చే నెల శ్లాబు వేయాలి. భయంగా ఉంది. నిజమేనాండీ?
- ఒక గృహిణి, సైదాపురం మండలం

జవాబు: భయపడకండమ్మా. పలుగురాయిని రాయిగా ఉక్కులో ఎవరూ వేయరు. మూడు పెద్ద కార్బన్ ఎలక్ట్రోడులున్న కరెంటు ఫర్నేసులో పలుగురాయి, బొగ్గు, ఇనుప తుక్కు కలిపి కాలుస్తారు. రాయిలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగేసుకుంటుంది. మిగిలిన సిలికాన్ ఇనుములో కరిగిపోతుంది. అదే ఫెర్రో సిలికాన్. నూటికి 70 పాళ్ళకు పైగా సిలికానే. టన్ను తయారీకి 8 వేల యూనిట్ల పైగా కరెంటు పడుతుంది. జలవిద్యుత్ ఉన్న భూటాన్ దీన్ని మన దేశానికి అమ్ముకుంటున్నది అందుకే.

నేను 31 ఏళ్ళు లేడిల్ (కరిగిన ఉక్కును పట్టే పెద్ద బకెట్టు) పక్కన నిలబడ్డవాణ్ణి. ఫర్నేసులోంచి దిగే ఉక్కు 1600 డిగ్రీల వేడి మీద ఉంటుంది, దాని నిండా ఆక్సిజన్. అలాగే గడ్డకట్టనిస్తే ఆ ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి గ్యాసై, ఉక్కు లోపల బుడగలు మిగులుతాయి. ఫెర్రో సిలికాన్ పడగానే సిలికాన్ ఆ ఆక్సిజన్‌ను పట్టుకుని పైకి తేలుతుంది, మన కమ్మరి కొలిమి దగ్గర చిట్టెం తేలినట్టు. కుతకుతలాడే ఉక్కు కళ్ళ ముందే సద్దుమణుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు.

కడ్డీల ఉక్కుకు ఎక్కువగా వేసేది సిలికో మాంగనీస్, అంటే సిలికాన్‌తో పాటు మాంగనీస్ అనే లోహం కూడా ఉన్న మిశ్రమం. మాంగనీస్ గంధకాన్ని పట్టుకుంటుంది. లేకపోతే గంధకం ఇనుముతో కలిసి, తొందరగా కరిగే పొరై, ఎర్రటి కడ్డీ రోలింగులోనే చీలిపోతుంది. 30 టన్నుల లేడిల్‌కు మేము వేసేది 50 కిలోల సంచులు ఆరేడు, అంతే. సగం రాయి ఎక్కడిదమ్మా!

ఆ సంచులు పొడిగా ఉండాలి. ఒక వానాకాలం రాత్రి షెడ్డు కారి తడిసిన సంచిని చూడకుండా వేశారు. నీరు ఒక్కసారిగా ఆవిరై ఉక్కును ఎగదన్నింది. నా పక్కనున్న కుర్రాడి చేయి కాలింది. ఆ రోజు నుంచి నేను చేయి పెట్టి చూడని సంచిని లేడిల్ దగ్గరికి రానివ్వలేదు.

మీరు చూసుకోవలసింది భాస్వరం. తుక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేసుల్లో అది మామూలుగా పోదు, ఈ సంచులేవీ దాన్ని తీయవు. ఎక్కువైతే కడ్డీ పెళుసెక్కుతుంది. కడ్డీలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం 500డి రకం కడ్డీలో భాస్వరం 0.040 శాతం దాటకూడదు. ఐఎస్ఐ గుర్తు చూడండి, బిల్లుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ అడిగి ఆ అంకె చదవండి. కడ్డీ వంచేటప్పుడు వంపు దగ్గర పగులు కనిపిస్తే ఆ సరుకు తిప్పి పంపండి.

ప్రశ్న: క్రషర్‌కు కొత్త జా ప్లేటు (రాయిని నలిపే దవడ పలక) కొన్నాను. అయస్కాంతం అంటుకోవడం లేదు. మోసపోయానా?
- ఒక క్రషర్ యజమాని, చీమకుర్తి

జవాబు: లేదు బాబూ, అంటుకోకపోవడం మంచి గుర్తు. అది మాంగనీస్ ఉక్కు. నూటికి 11 నుంచి 14 పాళ్ళు మాంగనీస్ ఉంటే ఉక్కు అయస్కాంతానికి లొంగదు. పైపొర మాత్రం కొద్దిగా లాగవచ్చు. 1882లో ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టింది ఇది. రాయి దెబ్బ తగిలేకొద్దీ పైభాగం గట్టిపడుతుంది, లోపల సాగే గుణం అలాగే ఉంటుంది. మీ గ్రానైటుకు తగినదే. దీన్ని బాగా కాల్చి నీళ్ళలో ముంచి తయారుచేస్తారు కాబట్టి మళ్ళీ వేడెక్కితే పెళుసైపోతుంది. గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చనివ్వకండి. వెల్డింగ్ తప్పకపోతే చిన్న చిన్న కుట్లుగా వేయించి, ప్రతి కుట్టూ చేయి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతది వేయమనండి.